ఆ గొంతు మా తమ్ముడిది కాదు

ఆ వీడియో ముక్కను ఇప్పటికీ ఎవరో ఒకరు నా ఫోన్‌కి పంపుతూనే ఉంటారు. పాత విద్యార్థులు పంపుతారు, మా ఆయన తరఫు చుట్టాలు పంపుతారు, ఒకసారి గ్యాస్ బండ తెచ్చే అతను కూడా పంపాడు. "మేడమ్, ఈయన మీ తమ్ముడేనంట కదా" అని కింద రాసి, దండం పెట్టే బొమ్మ ఒకటి తగిలిస్తారు. అందులో ఏదో పాత బంగళా వరండా కనిపిస్తుంది. స్తంభం వెనక నుంచి ఒక మనిషి వంగి బయటికి వచ్చి నిటారుగా నిలబడతాడు. కప్పు తలకు తగులుతుందేమోనని చూసేవాళ్లకు అనిపిస్తుంది. హీరో మెడ వెనక్కి వాల్చి పైకి చూస్తాడు. ఆ మనిషి నోరు తెరిచి "అయ్యగారు రమ్మంటున్నారు, నడు" అంటాడు. అంతే. వీడియో అయిపోతుంది.

ఆ మనిషి మా తమ్ముడే. ఆ గొంతు మాత్రం వాడిది కాదు.

ఈ మాట నేను చెప్పినప్పుడల్లా ఎదుటివాళ్లు, "అయితే ఏముంది మేడమ్, సినిమాల్లో అందరికీ అట్లనే చేస్తారు కదా" అని తేల్చేస్తారు. అందరికీ చేయనివ్వండి. అందరూ ఆ ఒక్క మాట కోసం కళ్లనూ గుండెనూ పణంగా పెట్టలేదు. మా వాడు పెట్టాడు. నేను వాదులాడే మనిషినని మా కాలేజీలో స్టాఫ్ రూమంతటికీ తెలుసు. మీటింగులో నేను చెయ్యెత్తితే ప్రిన్సిపాల్ గారు గడియారం వైపు చూసుకుంటారు. ఈ ఒక్క సంగతిలో మాత్రం నా వాదన ఎవరూ పూర్తిగా వినలేదు. అందుకని రాస్తున్నాను.

మాది భువనగిరి పక్కన నేతపని చేసే ఊరు. ఇంట్లో రెండు మగ్గాలు. ఒకటి బాపుది, అంటే మా నాన్నది, ఇంకొకటి మొదట మా తాతది, తర్వాత తమ్ముడిది. నేను డిగ్రీ చదువుతుండగా మా అమ్మకు వాడు కడుపున పడ్డాడు. పెళ్లీడుకొచ్చిన బిడ్డ ఇంట్లో ఉండగా ఈ కాన్పేందని వాడకట్టు ఆడవాళ్లు మూతులు తిప్పుకున్నారు. అమ్మ సిగ్గుతో బావి దగ్గరికి పోవడం కూడా మానేసింది. ఆమె బదులు నీళ్లకు పోయిందీ నేనే, అక్కడ వాళ్లకు తగిన జవాబులు చెప్పిందీ నేనే, దవాఖానకు తీసుకుపోయిందీ నేనే. వాణ్ని మొట్టమొదట చేతుల్లోకి తీసుకున్నది కూడా నేనే. పుట్టినప్పుడు వాడు అందరు పిల్లల్లాగే ఉన్నాడు. ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత వాణ్ని చూసినవాళ్లు "పుట్టుకతోనే అంత పొడుగా" అని అడిగేవారు. కాదు. పిడికెడంత పిల్లవాడు.

ఒక్కటి మాత్రం పుట్టుకతో వచ్చింది. నోరు. వాడు మాటల పుట్ట. అన్నం తింటూ మాట్లాడేవాడు, మగ్గం మీద నాడె విసురుతూ మాట్లాడేవాడు, నిద్రలో కూడా ఎవరితోనో తగువు పెట్టుకునేవాడు. ఆ గుణం నాదేనని అమ్మ అనేది. "ఒక్కదానితోని ఏగలేక సస్తుంటే దేవుడు ఇంకోన్ని ఇచ్చిండు" అని నూలు కండెలు చుట్టుకుంటూ నవ్వేది.

పదో తరగతి అయిన దగ్గర నుంచి వాడు పెరగడం మొదలుపెట్టాడు. రాష్ట్రం వచ్చిన ఏడు వాడు ఇంటర్‌లో ఉన్నాడు. ఊళ్లో జెండా ఎక్కిస్తుంటే తాడు పైన చిక్కుకుంది. నిచ్చెన తెమ్మని ఎవరో అరుస్తుండగానే వీడు ముందుకు వచ్చి, చెయ్యి చాపి ముడి విప్పాడు. ఊరంతా చప్పట్లు కొట్టింది. బాపు మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. అప్పటికే నాకు పెళ్లై కొత్తకోటలో కాపురం. ఆ రోజు ఊళ్లోనే ఉన్నాను కాబట్టి చూశాను. మా కులంలో, మా వంశంలో అంతా నడిమి రకం ఎత్తువాళ్లమే. ఆ రోజు అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను.

ఇప్పుడు నా అసలు వాదనకు వస్తాను. మా ఇంట్లో జరిగిన పొరపాటు ఇంకో ఇంట్లో జరిగేది కాదు.

మాది గుంత మగ్గం. నేసే మనిషి గుంత అంచున కూర్చుని, కాళ్లు లోపలికి దించి, కింద ఉన్న కర్రలు తొక్కాలి. మోకాళ్లు పైకి లేస్తే నేత సాగదు. తమ్ముడి మోకాళ్లు పైకి వచ్చినప్పుడల్లా బాపు గడ్డపార తీసి గుంత లోతు చేసేవాడు. తవ్విన మట్టి గంపకెత్తి బయట పోస్తూ, "మా తాతలల్ల ఎవడో గిట్లనే ఉండెనట, గా రక్తమే వచ్చింది" అని దారిన పోయేవాళ్లకు చెప్పుకునేవాడు. అంగి పొట్టిదైతే వాడి కోసం విడిగా నూలు పడుగు పెట్టి వెడల్పు పెంచి నేసేవాడు. చెప్పులు ఇరుకైతే భువనగిరిలో చెప్పులు కుట్టే పెద్దాయన కాలు కాగితం మీద పెట్టించి గీత గీసుకునేవాడు. మంచం పొట్టిదైతే కొసకు బల్ల వేశారు. వేలికి ఉంగరం బిగిసిపోతే కంసాలి దగ్గర కోయించి, కొంచెం వెండి కలిపి మళ్లీ చేయించారు.

బజారులో కొనుక్కుని బతికే ఇల్లైతే, ఏదో ఒకనాడు దుకాణంవాడే చేతులెత్తేసేవాడు. ఈ సైజు రాదమ్మా, పిల్లగాణ్ని డాక్టరుకు చూపించిండ్రా అని అడిగేవాడు. మా ఇంట్లో ఎంత కొలతకైనా బట్ట వస్తుంది. కొలత చాలకపోతే కొలత మార్చడమే మా పని, తరతరాలుగా మాకు తెలిసిన పని. రోగం వచ్చి గుమ్మంలో నిలబడితే దానికీ కొలత తీసి అంగి కుట్టించాం.

నేను పండగలకు వచ్చినప్పుడు వాడి మొహం మారుతున్నట్టు అనిపించేది. గడ్డం ముందుకొస్తోంది, ముక్కు లావవుతోంది, నాలుక మందంగా పడుతోంది. అడిగితే అమ్మ, "మొగపోరడు, దవడ గట్టివడ్తాంది, నీ కంటికే అన్ని వంకరగ కొడ్తయ్" అని కొట్టిపారేసేది. తలనొప్పి అంటే మగ్గం మీద వంగి కూర్చోవడం వల్లనని అందరూ ఒప్పేసుకున్నారు. ఊరి డాక్టరు మాత్రలు ఇచ్చేవాడు. వాడు అవి మింగి, తలకు తువ్వాలు బిగించి, మళ్లీ కబుర్లలో పడేవాడు.

ఆ తర్వాత అంచులు తప్పడం మొదలైంది.

చీర నడుమ ఎంత బాగా నేసినా, రెండు పక్కలా అంచు సరిగా నిలబడితేనే అది చీర. అంచు పోగు తెగితే వెంటనే చూసి ముడి వేయాలి. లేకపోతే బెత్తెడు నేసేసరికి సందు పడుతుంది. వాడికి పోగు తెగింది తెలిసేది కాదు. నేసుకుంటూ పోయేవాడు. బాపు వచ్చి చూసేసరికి అంచు జల్లెడలా ఉండేది. ఒక దసరాకు నేను వెళ్లినప్పుడు ఆ గొడవ నా ముందే జరిగింది.

"నజర్ యాడ పెట్టి నేస్తున్నవ్‌రా?"

"గీడనే పెట్టిన బాపు. నడుమ జూడు, ఎంత మంచిగొచ్చిందో."

"నడుమ ఎవడు జూస్తడు? చీర కొనేటోడు ముందుగాల అంచు వట్టి చూస్తడు."

బాపుకు వేరే అనుమానం ఉంది. అప్పటికే వాడు సినిమాల వెంట పడ్డాడు. భువనగిరి గుట్ట మీది కోట దగ్గర ఏదో షూటింగ్ జరుగుతుంటే చూడ్డానికి పోయాడు. వాళ్లు షూటింగ్ ఆపి వీణ్ని చూశారు. ఆ రోజే నల్ల అంగి తొడిగి విలన్ వెనక నిలబెట్టారు. ఆ మీదట కబురు వచ్చినప్పుడల్లా హైదరాబాద్ పోయేవాడు. ఒకదానిలో దయ్యం, ఒకదానిలో కాపలావాడు, ఇంకోదానిలో గుహలో రాక్షసుడు. వచ్చి నిలబడాలి, ఎవరో ఒకరు భయపడాలి, అంతే పని. నోరు విప్పనిచ్చేవాళ్లు కాదు. హైదరాబాద్ కుర్రాళ్లు కొందరు పాతకాలం పద్ధతిలో ఒక్క మాట కూడా లేకుండా, నలుపు తెలుపులో ఒక చిన్న సినిమా తీశారు. దాంట్లో మొదటి నుంచి చివరిదాకా వీడే. దిగులుగా ఉండే పొడుగు మనిషి ఒక ఊళ్లో ఇల్లు వెతుక్కునే కథ. వీడు నిజంగా బాగా చేశాడు. ఆ కళ్లు చూసి నాకు ఏడుపొచ్చింది. వాడు మాత్రం ఫోన్ చేసి, "హీరోనే అయిన అక్కా, కని మూగోన్ని జేసిండ్రు" అని పకపకా నవ్వాడు.

కాబట్టి అంచు తప్పితే బాపుకు కారణం ముందే సిద్ధంగా ఉంది. పోరడికి మనసు మగ్గం మీద లేదు, సినిమా మీద ఉంది. ఇంక కసిరి లాభం లేదనుకుని వాణ్ని వదిలేశాడు. వాడు మగ్గం దిగి, సినిమాలు లేని రోజుల్లో జాతరల్లో తిరిగే ఎగ్జిబిషన్ వాళ్లతో కలిశాడు.

ఆత్మకూర్ వైపు జాతర జరుగుతుంటే వాడు అక్కడున్నాడని తెలిసి నేను పోయాను. రంగులరాట్నం పక్కన డేరా వేసి, బయట పెద్ద బొమ్మ కట్టారు. బొమ్మలో వాడు తాటిచెట్టు పక్కన నిలబడి కల్లు లొట్టి చేత్తో అందుకుంటున్నాడు. టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్లాను. చెక్క మెట్టు మీద వాడు మోకాళ్లు గడ్డానికి ఆనేలా ముడుచుకుని కూర్చున్నాడు. పక్కన ఒక పొట్టి ఆయన జరీ టోపీ పెట్టుకుని మైకులో మాట్లాడుతున్నాడు. డేరా నిండగానే పొట్టి ఆయన వాడి భుజం మీద కర్రతో తట్టాడు. వాడు లేచాడు. నెమ్మదిగా, ఇంకా అయిపోలేదా అనిపించేంత నెమ్మదిగా లేచాడు. జనం ఒక్కసారిగా వెనక్కి జరిగారు. తర్వాత ఒక్కొక్కరే దగ్గరికి వచ్చి అరచేతిలో అరచెయ్యి పెట్టి చూసుకున్నారు. ఒకావిడ తన పిల్లకు భయం పోవాలని వాడి కాళ్ల సందు నుంచి దూరి రమ్మంది. లంబూ, లంబూ అని వెనక నుంచి ఎవరో గింజలు విసిరారు.

వాడు నన్ను చూశాడు. కళ్లతో నవ్వాడు. మాట్లాడలేదు. నా తమ్ముడు నన్ను చూసి మాట్లాడకుండా ఉండటం అదే మొదటిసారి.

నేను నేరుగా డేరా యజమాని దగ్గరికి పోయి తగువు పెట్టుకున్నాను. చదువుకున్న పిల్లవాడు, నోరున్న మనిషి, బొమ్మలా ఎందుకు కూర్చోబెట్టావని అడిగాను. అతను టీ తాగుతూ, కోపం లేకుండానే జవాబిచ్చాడు.

"నోరు తెరిస్తే మనిషైపోతడమ్మా. మనిషిని చూడనీకి ఎవరొస్తరు?"

ఇప్పటికీ ఆ మాటకు నేను పళ్లు కొరుకుతాను. కానీ అబద్ధమని చెప్పలేను.

ఆట లేని రోజు చూసి వాణ్నీ, ఆ పొట్టి ఆయన్నీ కొత్తకోటలో మా ఇంటికి భోజనానికి పిలిచాను. వాకిట్లోకి రాగానే వాడి నోరు తెరుచుకుంది. ఇక ఆగలేదు. నాలుక మందమై మాట ముద్దగా వస్తోంది. అయినా నాకు ఒక్క అక్షరం తప్పకుండా అర్థమవుతోంది. మా ఆయనను బావా బావా అని ఆటపట్టించాడు. గుమ్మం దగ్గర తల వంచి జాగ్రత్తగా లోపలికి వచ్చాడు. తల తగల్లేదు. భుజం తలుపుకు కొట్టుకుంది. స్టూలు తన్నాడు. అన్నం తింటుండగా మజ్జిగ గ్లాసు వాడి కుడిచేతి పక్కన పెట్టాను. ఎంతసేపటికీ తాగడు.

"మజ్జిగ తాగరా" అన్నాను.

"నువ్వు పొయ్యందే ఎట్ల తాగుతా?" అన్నాడు.

గ్లాసు వాడి మోచేతి దగ్గరే ఉంది. తల తిప్పినప్పుడు గానీ వాడికి కనపడలేదు. పొట్టి ఆయన చెయ్యి కడుక్కుంటూ, ఎప్పుడూ వాడు తన మీద పడుతూనే ఉంటాడని చెప్పాడు. "అంత పైనుంచి నేను అవుపడ్తలేననుకున్న అమ్మా" అని నవ్వాడు. అందరూ నవ్వారు. నాకు అంచులు గుర్తొచ్చాయి. నడుమ బాగుండి రెండు పక్కలా జల్లెడైన ఆ చీరలు గుర్తొచ్చాయి. చెయ్యి కడగకుండానే లేచి నిలబడ్డాను.

మహబూబ్‌నగర్‌లో కళ్ల డాక్టరు చూసి, ఇది కళ్ల జబ్బు కాదు, హైదరాబాద్ పొమ్మన్నాడు. అమ్మానాన్నలను కూడా పిలిపించాను. అక్కడ పెద్ద దవాఖానలో తలకు స్కానింగ్ తీశారు. డాక్టరు తెర మీద చిన్న తెల్లని మచ్చ చూపించాడు. మెదడు అడుగున చిన్న గ్రంథి ఉంటుందట, దాని మీద గడ్డ పెరిగిందట. వాణ్ని అంత పొడుగు పెంచింది అదే, గడ్డాన్నీ నాలుకనూ సాగదీసింది అదే, ఇప్పుడు కంటి నరాల మీద కూర్చుని రెండు పక్కల చూపు తినేస్తున్నదీ అదే. ముక్కు లోపలి నుంచి తీసేయవచ్చు. పోయిన చూపు కొంతైనా రావచ్చు. ఆలస్యం చేస్తే గుండె కూడా పెరిగి చేతికి అందకుండా పోతుంది. చాలా ఏళ్ల కిందటే రావలసిందన్నాడు.

బాపు చేతులు కట్టుకుని అడిగాడు. "పొడుగు తగ్గుతడా సారూ?"

"తగ్గడు పెద్దాయనా. పెరగడం ఆగుతుంది."

బాపు తల ఊపాడు. వాణ్ని మళ్లీ మగ్గం మీద కూర్చోబెట్టుకోవచ్చన్న ఆశ ఆయనకు ఆ ఒక్క క్షణం కలిగి పోయిందని నాకు తర్వాత తెలిసింది.

ఆపరేషన్‌కు రోజు ఇస్తామన్నారు. అప్పుడు వాడు ఒక కబురు బయటపెట్టాడు. ఒక పెద్ద సినిమాలో వేషం వచ్చింది. బంగళా కాపలావాడు. ఈసారి మాట ఉంది. ఒకే ఒక్క మాట, అయినా ఉంది. షూటింగ్ వచ్చే నెల. దవాఖాన వరండాలో, అందరూ తిరిగి చూస్తుండగా నేను వాడి మీద విరుచుకుపడ్డాను.

"ఒక్క మాట కోసం కండ్లు పోగొట్టుకుంటవారా?"

"మాట చెప్పొచ్చి పండుకుంట అక్కా. అప్పుడు నువ్వు యాడ కోయిచ్చుకోమంటె గాడ కోయిచ్చుకుంట."

"నీకు సోయుందా? గుండె గురించి ఏం చెప్పిండో ఇన్నవా?"

వాడు వంగి, నా మొహానికి ఎదురుగా మొహం పెట్టాడు. పక్కలు కనపడవు కదా, ఎవరితోనైనా అలా సూటిగా నడుమకు వచ్చే మాట్లాడేవాడు. "ఇన్నేండ్ల సంది అందరు నన్ను చూసిండ్రు అక్కా. ఒక్కసారన్న ఇనాలె గదా."

అయినా నేను ఒప్పుకునే మనిషిని కాను. సినిమా మేనేజరుకు నేనే ఫోన్ చేసి, ఒక్క మాటే కదా, ముందు వాడిది తీసి పంపేయండని పోట్లాడాను. బంగళా సెట్టు ఇంకా వేయలేదు మేడమ్ అన్నాడు. అమ్మతో చెప్పి వాడి సంచి దాచిపెట్టించాను. బాపే ఆ సంచి తీసి ఇచ్చాడు. "పోనియ్యి బిడ్డా. పోరడు ఎన్నడు ఏం అడగలే" అన్నాడు.

వచ్చే నెల అన్నది వానాకాలం దాటింది, చలికాలం దాటింది. ఒకసారి హీరోకు కుదరలేదు, ఒకసారి సెట్టు మార్చారు. వాడు ఇంట్లోనే ఉండి ఆ మాట సాధన చేశాడు. ఖాళీ మగ్గం మీద కూర్చుని కోపంగా, మెల్లగా, నవ్వుతూ, గుడ్లురుముతూ రకరకాలుగా చెప్పేవాడు. "అయ్యగారు రమ్మంటున్నారు, నడు." బాపు తన మగ్గం మీది నుంచి, "ఏ అయ్యగారురా? గా కండెలు గిట్ల అందియ్యి" అనేవాడు. వాడకట్టు అంతటికీ ఆ మాట నోటికొచ్చింది. మెట్టింటి నుంచి వచ్చిన ఆడపిల్లలు కూడా అన్నానికి లేపడానికి అదే మాట వాడేవారు.

ఎండాకాలంలో ఎట్టకేలకు తీశారు. వాడు ఫోన్ చేసి, ఒక్కసారికే ఓకే అయిందని, డైరెక్టరు చప్పట్లు కొట్టాడని చెప్పాడు. ఆ వారమే దవాఖానకు తీసుకుపోయాను. ఈసారి గుండె డాక్టరు చూశాడు. మత్తు ఇవ్వడానికి గుండె ఒప్పుకోదన్నాడు. ముందు ఇంజెక్షన్లు, మందులు, గుండె కుదుటపడితే అప్పుడు చూద్దామన్నాడు. వాడు నా వైపు తిరిగి, ఏమంటున్నారు అన్నట్టు చూశాడు. చూద్దామంటున్నారు అని చెప్పాను.

సినిమా వచ్చింది. భువనగిరిలో ఆడింది. మా వాడకట్టు మొత్తం ఆటోలు కట్టించుకుని పోయాం. వాడు కొత్త అంగి వేసుకున్నాడు, బాపు నేసిన ఆఖరి అంగి అదే. ఎప్పటిలాగే చివరి వరుసలో కూర్చున్నాడు. ఇదివరకు వెనకవాళ్లకు అడ్డం కాకూడదని అక్కడ కూర్చునేవాడు. ఇప్పుడు ఇంకో కారణం కూడా ఉంది. దూరం నుంచి చూస్తే తెర మొత్తం ఆ మిగిలిన చూపులో పడుతుందని నాకు మెల్లగా చెప్పాడు. ఇటు నేను, అటు అమ్మ.

వరండా వచ్చింది. స్తంభం వెనక నుంచి వాడు వంగి బయటికి వచ్చాడు. మా వాళ్లంతా ఈలలు వేశారు. హీరో మెడ ఎత్తాడు. వాడు నోరు తెరిచాడు. ఎవరిదో గొంతు వచ్చింది. నున్నని, బరువైన గొంతు, రేడియోలో వార్తలు చదివేవాడిలాంటి గొంతు. అయ్యగారు రమ్మంటున్నారు, నడు. ఈలలు ఆగిపోయాయి.

"గిదేందే, గొంతు మారింది" అంది అమ్మ.

తెర మీద కథ ముందుకు పోయింది. హీరో మెట్లెక్కి లోపలికి కూడా వెళ్లిపోయాడు. అప్పుడు నా పక్క నుంచి, మందమైన నాలుకతో, ముద్దగా, హాలంతా వినపడేలా వాడు చెప్పాడు. "అయ్యగారు రమ్మంటున్నారు, నడు."

ముందు వరుసల్లో ఎవరో వెనక్కి తిరిగి, "అయిపోయింది కాకా, కూసో" అన్నారు. నవ్వులు వినపడ్డాయి. చీకట్లో వాళ్లకు వాడు కూర్చునే ఉన్నాడని తెలియలేదు. నిలబడ్డాడనుకున్నారు.

ఇంటర్వెల్‌లో లైట్లు వేశాక వాడు అడిగాడు. "అక్కా, నా పెదవులు మంచిగ కదిలినయా?"

"కదిలినయ్‌రా."

"అయితే చెప్పింది నేనే గదా."

"నువ్వే చెప్పినవ్" అన్నాను. పుట్టిన నాటి నుంచి వాడితో నేను వాదించకుండా ఒప్పుకున్న మాట అదొక్కటే.

తర్వాత మేనేజరుకు ఫోన్ చేసి నా చదువంతా, నా నోరంతా ఉపయోగించి తిట్టాను. జనానికి అర్థం కాదని మార్చాం మేడమ్ అన్నాడు. ఆ ముద్దమాట మా అమ్మకు అర్థమయ్యేది, పొట్టి ఆయనకు అర్థమయ్యేది, చెప్పులు కుట్టే పెద్దాయనకు అర్థమయ్యేది. జనమంటే ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంజెక్షన్లు నడుస్తుండగానే వాడు పోయాడు. పొద్దున్నే బాపు మగ్గం దగ్గర కూర్చుని ఏదో కథ చెప్తున్నాడట. చెప్తూ చెప్తూ గోడకు ఆనుకున్నాడు. బాపు నేసుకుంటూనే ఊ కొట్టాడు. కాసేపటికి ఊ కొట్టడానికి మాటలేవని తల ఎత్తాడు. నేను కొత్తకోట నుంచి చేరేసరికి వెదుర్లు కొలిచి, పాడెకు అతుకు వేస్తున్నారు. వాడి మీద కప్పడానికి బాపు అంగీల కోసం పెట్టిన నూలు పడుగులోంచి అప్పటిదాకా నేసినంత కోసి ఇచ్చాడు. అది సరిపోయింది.

దినాలు అయ్యాక ఒక మధ్యాహ్నం బాపు అటక మీది పెట్టె దింపించాడు. చీరలు కొనే షావుకారు తిరగ్గొట్టినవి, వాడు నేసినవి, అందులో ఉన్నాయి. ముందువి ముందు, వెనకవి వెనక వరుసగా నేల మీద పరిచాడు. మొదటి దాంట్లో అంచు చివరన ఒక్క పోగు లోపం. తర్వాతి దాంట్లో కొంచెం ఎక్కువ. అలా రెండు వైపుల నుంచీ తప్పు లోపలికి, నడుమకు జరుగుతూ వచ్చింది. డాక్టరు తెర మీద చూపించిన దానికంటే అక్కడ స్పష్టంగా ఉంది. అన్ని చీరల్లోనూ నడుమ మాత్రం ఒక్క పోగు తప్పులేదు.

బాపు వాటి మధ్యలో కూలబడ్డాడు. "పోగు చూసిన, అంచు చూసిన. పోరని కండ్లల్లకు చూడకపోతి" అన్నాడు. అమ్మ చీరలు మడతపెట్టబోతే వద్దన్నాడు. వాడి మగ్గం గుంత పూడుస్తానని మా బాబాయి వస్తే ఆయననూ వద్దన్నాడు. ఇప్పుడు ఆ మగ్గం మీద ఎవరు కూర్చున్నా కాళ్లు కిందికి అందవు.

ఆఖరున పరిచిన చీర నేను తెచ్చుకున్నాను. నెమలికంఠం రంగు, నడుమ ఏనుగుల వరుస. కాలేజీకి కట్టుకుపోతాను. మొన్న స్టాఫ్ రూములో కొత్తగా చేరిన లెక్చరర్ నా కొంగు పట్టుకుని చూసి, "మేడమ్, ఇంత మంచి చీర, కొనేటప్పుడు అంచు చూసుకోలేదా? మిమ్మల్ని మోసం చేసిండ్రు" అంది. నా నోటి సంగతి తెలిసిన మిగతావాళ్లంతా పేపర్లు దిద్దడం ఆపేసి తలలెత్తారు.

నేను ఆమె చేతిలోంచి అంచు విడిపించి, కొంగు మొత్తం బల్ల మీద పరిచాను.

"నడుమ చూడమ్మా" అన్నాను.